పీపీ నంబరు

పన్నాలాల్ సేటు దుకాణంల ఫోను మోగితే
గల్లీ మొత్తం ఒక్క నిమిషం చెయ్యి ఆపేది.
వారాసిగూడల మా పదహారు ఇండ్లకు అదొక్కటే నంబరు.
పెండ్లి పత్రికల మీద, నౌకరీ దరఖాస్తుల మీద
ఆరంకెలు రాసి పక్కన పీపీ అని రాసేటోళ్లు.
పీపీ అంటే ఏందో నాకెవరూ చెప్పలే.
పరుగుల పిల్ల అనుకున్న.
అంటే నేనే.

తొమ్మిదేండ్లు నాకు. చెప్పులుండె గాని
తొడుక్కునే సమయం ఉండకపోయేది.
"లీలా! ఎస్తేరు టీచరుకు!" అని సేటు కేకేస్తే
బోరింగు దాటి, గిర్ని దాటి,
ఎండకు పరిచిన మిరపకాయల మీదికెళ్లి దుంకి
ఉరికేదాన్ని.
కబురుకొక నిమ్మగోలీ.
చావు కబురైతే రెండిచ్చేవాడు, ఎందుకో.
అరచేతిల రెండు గోలీలు పడ్డ రోజు
నా కాళ్లు వాటంతట అవే మెల్లగైతుండె.

డయలుకు ఇత్తడి తాళం, మొలతాడుకు తాళంచెవి.
బయటికి చేసే హక్కు సేటుది,
వచ్చేది మాత్రం అందరిది.

జుమ్మా నాడు మధ్యాహ్నం షార్జా నుంచి తౌఫీక్ భాయి.
షాహెదా ఆపా ఇల్లు గల్లీ చివర, మేడ మీద.
పోయి రావాలంటే నాలుగు నిమిషాలు,
ఆయనకు ఒక పూట కూలి.
"పెట్టేసి మల్ల చెయ్యుండ్రి భాయ్" అన్న ఒకసారి.
"నై బేటా. పెట్టకు.
బియ్యం బస్తా మీద పండబెట్టు, మొఖం బయటికి చేసి.
నేను వింటుంట."
ఏం వినేటోడో.
తరాజు గిన్నెలు తగులుకునే చప్పుడు,
రాజమల్లు బర్రె మెడల గంట,
గోలీసోడా కుయ్యిమనుడు,
నల్లా కాడ బిందె కోసం పంచాయితి,
అన్నిటి వెనుక నుంచి టపటపా దగ్గరైతున్న ఆపా చెప్పులు.
ఆమె వచ్చినంక మాట్లాడుకునేది తక్కువే.
"అచ్ఛే హై. ఆప్?"
చేతికి పిండి, నోటికి ఆయాసం, చుట్టూ మేం.

పతంగుల కాలంల ఒక జుమ్మా
రెండు మాంజాలు పెనవేసుకుంటుంటే
తల పైకెత్తి నిలబడ్డ.
ఎంతసేపో నాకే తెల్వదు.
మేం వచ్చేసరికి రిసీవరు బస్తా మీద
తేనెటీగ లెక్క జుమ్మంటున్నది.

ఆపా చూసింది. విన్నది.
సేటు నా దిక్కు చూసే లోపల చెవికి ఆనించుకొని
"హా, సున్ రహీ హూఁ" అన్నది.
పిల్లలకు జ్వరం తగ్గిందన్నది.
మేడ కురుస్తుందన్నది, నువ్వు తిన్నవా అన్నది,
ఏ శుక్రవారమూ చెప్పనన్ని మాటలు
ఆ జుమ్మనే చప్పుడుకు చెప్పింది.
పక్కనే నిలబడ్డ నాకు ఒక్కదానికే తెలుసు
అవతల ఎవరూ లేరని.
పోతా పోతా నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.
పిండి అంటింది.
ఆ దినం నేను గోలీ తీసుకోలే.

ఇయ్యాల నా బిడ్డ
పక్క అర్రల నుంచి మెసేజ్ పెడుతది: ఆకలి.
ఎవరూ ఎవరికోసం ఉరుకరు, మంచిదే,
మోకాళ్లు కూడా ఒప్పుకోవు.

అయినా మొన్న తమ్మునికి ఫోన్ చేసిన,
దుకాణం ఉన్న జాగల లేచిన అపార్టుమెంటుల ఉంటడు.
"మాట్లాడకు. బాల్కనీ గోడ మీద పెట్టు,
మొఖం గల్లీ దిక్కు చేసి" అన్న.
పిచ్చిదాన్ని చూసినట్టు నవ్వి, పెట్టిండు.

ఫోను తెలివిగలది.
మనిషి గొంతు కానిదంతా చెత్త అని నేర్చుకున్నది.
హారన్లు, కుక్కలు, గాలి, గల్లీ,
అన్నీ శుభ్రంగా తుడిచి
కడిగిన గిన్నె లాంటి నిశ్శబ్దం పంపింది.
నాలుగు నిమిషాలు పట్టుకొని కూసున్న.

"ఏమన్న ఇనబడ్డదా అక్కా?"

హా, అన్న.
ఎవరివో చెప్పులు, అన్న.